తలకట్టు రాలిపోయింది! లేజర్ ఫైళ్లపై ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: గృహప్రవేశానికి ‘సంతోష సదనం’ అని అక్రిలిక్ అక్షరాలు కోయించి గేటు పక్కన పెట్టాలనుకున్నాం. డీటీపీ చేసే అబ్బాయి డిజైన్ వాట్సాప్‌లో పంపాడు. లేజర్ షాపులో చూపిస్తే ‘ఇది పనికిరాదు, కోరల్ ఫైల్ తెండి’ అన్నారు. బొమ్మ అంత స్పష్టంగా ఉంటే ఇంకేం కావాలి?
- ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: షాపువాళ్లు చెప్పింది నిజమేనమ్మా. మీకొచ్చింది జేపీజీ. అంటే చుక్కలు పెట్టి గీతలు కలపని ముగ్గు. పైపైన చెక్కడానికి చుక్కలు చాలు. కోయడానికి మాత్రం ఎక్కడ మొదలై ఎటు తిరిగి ఎక్కడ కలవాలో చెప్పే గీత ఉండాలి. కోరల్‌డ్రా, ఎస్‌వీజీ, డీఎక్స్‌ఎఫ్ ఫైళ్లలో ఉండేది ఆ గీతే. జేపీజీనే ట్రేస్ చేయొచ్చు కదా అంటారు కొందరు. చేయొచ్చు, కానీ వంపులన్నీ ఎలుక కొరికినట్టు వస్తాయి. మన లిపిలో వంపులు తప్ప ఇంకేమున్నాయి? ఆ పేరు మళ్లీ టైపు చేయించుకోవడమే తేలిక.

అయితే కోరల్ ఫైలు తెచ్చినంత మాత్రాన పని అయిపోదు. ఆ డీటీపీ అబ్బాయి ‘అను’ ఫాంట్లు వాడి ఉంటే, అవి లేని కంప్యూటర్‌లో మీ ఇంటి పేరు అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలుగా తెరుచుకుంటుంది. అందుకే పంపేముందు కంట్రోల్-క్యూ కొట్టి అక్షరాలను కర్వ్స్‌గా మార్చమనండి. ఆ తర్వాత ముక్కలన్నీ ఒకటయ్యేలా వెల్డ్ చేయమనండి. అను ఫాంట్లలో తలకట్టు, గుడి, ఒత్తు చాలావరకు విడివిడి ముక్కలు, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. మన కంటికి ఒకే అక్షరం. లేజర్ మాత్రం లోపల దాగిన ఆ గీతల మీదా నడిచి అక్షరాన్ని ముక్కలు చేస్తుంది. కోరల్‌లో వైర్‌ఫ్రేమ్ నొక్కితే రంగులన్నీ పోయి సన్నటి గీతలే మిగులుతాయి. యంత్రానికి కనబడేది అదే. ఒకే గీత రెండుసార్లు పడి ఉందేమో కూడా చూసుకోమనండి. ఉంటే అదే దారిలో రెండుసార్లు కోసి అంచు కరిగిస్తుంది.

ఇక అసలు చిక్కు. ప, స, ష లాంటి అక్షరాలకు చాలా ఫాంట్లలో తలకట్టు ఒంటికి అంటుకోదు. తెర మీద, కాగితం మీద అందంగానే ఉంటుంది. కోసి పైకెత్తితే స ఒకచోట, దాని తలకట్టు ఇంకోచోట. నేను కోయించిన మొదటి బోర్డుకి నాలుగు తలకట్లు హనీకోంబ్ జాలీ సందుల్లోంచి జారి చెత్త ట్రేలో పడ్డాయి. ఏరుకొచ్చి ఫెవిక్విక్‌తో అతికిస్తే ఒక్కటీ తిన్నగా కుదరలేదు. మీ పేరులోనే రెండు స-లు, ఒక ష ఉన్నాయి. తలకట్టు నుంచి ఒంటికి రెండు మిల్లీమీటర్ల వంతెన గీయించి వెల్డ్ చేయించండి. రేకులో అక్షరాలు తొలిచి వెనక లైటు పెట్టే పద్ధతైతే వ్యవహారం తిరగబడుతుంది: సున్నా లోపలి బిళ్ల రాలిపోయి గుండ్రటి బొక్క మిగులుతుంది. అక్కడా వంతెన వేయాల్సిందే.

ప్రశ్న: నానమ్మ ఫొటోని నల్ల గ్రానైట్ మీద చెక్కిస్తే నెగెటివ్‌లా వచ్చింది. ప్లైవుడ్ మీద చేయిస్తే ముఖమంతా బొగ్గు. తప్పు ఫొటోదా, మిషన్‌దా?
- ఓ పాఠకుడు, వరంగల్

జవాబు: రెండిటిదీ కాదు, మధ్యలో జరగాల్సిన పనిది. చెక్క మీద లేజర్ తాకినచోట నల్లబడుతుంది. గ్రానైట్ మీద తాకినచోట తెల్లబడుతుంది. అందుకని గ్రానైట్‌కి ఫొటోని ఇన్వర్ట్ చేసి ఇవ్వాలి. రాయి ఎంపిక కూడా చూసుకోండి. చీమకుర్తి గెలాక్సీ మెట్లకీ గట్లకీ ఎంత బాగున్నా, దానిలోని బంగారు చుక్కలు బుగ్గల మీద పడితే మచ్చల్లా కనిపిస్తాయి. ముఖానికి చుక్కల్లేని నల్లరాయే మేలు.

చెక్క సంగతికొస్తే, లేజర్ చుక్క కాలుస్తుంది లేదా కాల్చదు, బూడిదరంగు దానికి తెలీదు. పాత దినపత్రికల్లో ఫొటోని దగ్గర పెట్టి చూస్తే చుక్కలు కనిపించేవి కదా, ఇక్కడా అదే కిటుకు. దీన్ని డిథరింగ్ అంటారు. 1976లో ఫ్లాయిడ్, స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు ప్రచురించిన పద్ధతి నేటికీ చాలా లేజర్ సాఫ్ట్‌వేర్‌లలో వాళ్ల పేరుతోనే ఉంది. ముందుగా ఫొటోలో వెనకనున్న కర్టెన్లు, క్యాలెండర్లు చెరిపేయండి. ముఖాన్ని మీకు నచ్చినదానికంటే ఇంకాస్త తెల్లగా చేయండి, చెక్క ఎలాగూ నల్లబరుస్తుంది. కళ్ల దగ్గర, చీర అంచు దగ్గర పదును పెంచండి. గీతకీ గీతకీ మధ్య 0.1 మిల్లీమీటర్ దూరం పెడితే అంగుళానికి 254 గీతలు పడతాయి. ఫొటోని అసలు సైజులో 254 డీపీఐకి తెచ్చి ఆఖరున డిథర్ చేయండి. డిథర్ చేశాక సాగదీస్తే చుక్కలు చెదిరి చారలు పడతాయి. అన్నట్టు, ఫొటోని వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే అది కుదించేస్తుంది.

ప్రశ్న: 300 మిల్లీమీటర్ల బోర్డు గీసి ఎస్‌వీజీ ఇస్తే 225 వచ్చింది. షీటు డబ్బులు నేనే కట్టాలా?
- ఓ డిజైనర్, కర్నూలు

జవాబు: 225ని 300తో భాగించండి, 0.75. 72ని 96తో భాగించినా అంతే. అడోబ్ ఇలస్ట్రేటర్ అంగుళానికి 72 పిక్సెళ్లు లెక్కేస్తుంది. ఇంక్‌స్కేప్ 2017లో వచ్చిన 0.92 వెర్షన్ నుంచి 96 అంటోంది, అంతకుముందు 90. మీ ఫైలు ఒక లెక్కలో పుట్టి ఇంకో లెక్కలో తెరుచుకుంది. ఇకపై ప్రతి ఫైల్లో ఓ మూల 100 మిల్లీమీటర్ల గీత గీసి, ‘ఇది వంద ఉందో లేదో కొలిచి కోయండి’ అని రాయండి. డబ్బులు చెరిసగం పెట్టుకోండి. కోసేముందు సైజు చూడకపోవడం వాళ్ల తప్పు కూడా.

ప్రశ్న: ప్రాజెక్టు కోసం 3 ఎంఎం ఎండీఎఫ్‌తో పెట్టె చేశాం. పళ్లు గాడుల్లో వదులుగా ఆడుతున్నాయి. డ్రాయింగ్‌లో రెండూ 10 మిల్లీమీటర్లే.
- ఇంజినీరింగ్ విద్యార్థులు, కాకినాడ

జవాబు: రంపంలాగే లేజర్ కూడా కొంత తినేస్తుంది. కోత వెడల్పు 0.2 అనుకుంటే పన్ను 9.8కి తగ్గుతుంది, గాడి 10.2కి పెరుగుతుంది. వదులు 0.4. అసలు కోత ఎంతో మీ మిషన్ మీదే తేల్చండి: 100 మిల్లీమీటర్ల పట్టీ గీసి పది సమాన ముక్కలుగా కోసి, ముక్కలను దగ్గరికి నెట్టి కొలవండి. 98 వస్తే కోత 0.2. అందులో సగం, 0.1, బయటి గీతను బయటికి, లోపలి రంధ్రాల గీతను లోపలికి జరపండి. రంధ్రాలను ముందు కోయమనండి. బయటి గీత ముందు కోస్తే ముక్క కదిలిపోయి రంధ్రాలు పక్కకి పడతాయి.

ప్రశ్న: సన్‌బోర్డ్‌కి ఫైల్లో పవర్ తగ్గించి పెడితే లేజర్‌లో కోయొచ్చా?
- ఓ పాఠకుడు, నిజామాబాద్

జవాబు: వద్దు. అది పీవీసీ. ఎంత పవర్‌లో కోసినా హైడ్రోజన్ క్లోరైడ్ పొగ వస్తుంది. ఊపిరితిత్తులకి చెరుపు, మిషన్ పట్టాలకి తుప్పు. అదే ఫైలు సీఎన్‌సీ రౌటర్ ఉన్న చోటికి పట్టుకెళ్లండి. రౌటర్ బిట్టు 3 మిల్లీమీటర్లైతే లోపలి మూలలు 1.5 మేర గుండ్రం అవుతాయి, అక్షరాలు మరీ చిన్నవి పెట్టకండి.