రెండు యంత్రములు, ఒక భాష

కంప్యూటరు ఎంత వేగముగా లెక్కలు చేయగలదో అందఱకును తెలిసినదే. కాని ఆ యంత్రమునకు మనుష్యుల భాష యేదియు స్వతస్సిద్ధముగా తెలియదు. దానికి తెలిసినవి కొన్ని అంకెల గుర్తులు మాత్రమే. ఒక గుర్తు వచ్చినచో కూడవలెను. మఱియొకటి వచ్చినచో తీసివేయవలెను. వేఱొకటి వచ్చినచో ఫలితమును ఫలానా గదిలో దాచవలెను. ఇట్టి గుర్తుల వరుసకే యంత్రభాష యని పేరు. ఒక్కొక్క జాతి యంత్రమునకు ఒక్కొక్క యంత్రభాష కలదు. ఒకదానిలో కూడికను తెలుపు గుర్తు మఱియొకదానిలో వేఱు పనిని తెలుపవచ్చును, అసలేమియు తెలుపకయు పోవచ్చును. కావున ఒక యంత్రమునకై వ్రాసిన ప్రోగ్రాము వేఱొక యంత్రమునకు పనికిరాకుండెడిది. ఈ చిక్కును విడదీయుటకు పాటుపడినవారిలో గ్రేసు హాపరు ముఖ్యురాలు.

గ్రేసు 1906 వ సంవత్సరము డిసెంబరు 9 వ తేదీన అమెరికా దేశమున న్యూయార్కు నగరమందు జన్మించెను. ఏడేండ్ల ప్రాయమున ఆమె అలారము గడియారము ఎట్లు మ్రోగునో తెలిసికొనగోరి దానిని ఊడదీసెను. తిరిగి అమర్చుట చేతకాక, చూచి నేర్చుకొందమని మఱియొకదానిని ఊడదీసెను. ఇట్లు ఇంటనున్న ఏడు గడియారములును విడిభాగములైన పిమ్మట తల్లి కనుగొని, ఇకమీదట ఒక్కదానిని మాత్రమే ముట్టవలెనని కట్టడి చేసెను. ఆ కుతూహలమే ఆమెను చదువులో ముందుకు నడపెను. 1928 లో వాస్సారు కళాశాలలో గణిత భౌతికశాస్త్రములందు పట్టము పొంది, 1934 లో యేలు విశ్వవిద్యాలయమునుండి గణితశాస్త్రమున డాక్టరు బిరుదము నందెను. పిమ్మట వాస్సారు కళాశాలలోనే గణితము బోధించుచుండెను.

అంతలో రెండవ ప్రపంచ సంగ్రామము వచ్చెను. గ్రేసు నౌకాదళమున చేరగోరెను. నియమములు కోరినంత బరువు ఆమెకు లేదని అధికారులు అభ్యంతరము చెప్పిరి. ఆమె పట్టు విడువక ప్రత్యేకానుమతి సంపాదించి 1943 డిసెంబరులో దళమున చేరెను. 1944 లో ఆమెను హార్వర్డు విశ్వవిద్యాలయమునకు పంపిరి. అచ్చట హోవార్డు ఐకెన్ నాయకత్వమున మార్కు 1 అను మహాయంత్రము పనిచేయుచుండెను. దాని పొడవు 51 అడుగులు, ఎత్తు 8 అడుగులు. అది సెకనుకు మూడు కూడికలు చేయగలిగెడిది. కాగితపు పట్టీపై రంధ్రములు పొడిచి దానికి ఆజ్ఞలు అందించుచుండిరి.

అచ్చట పనిచేయువారు, ఒకసారి వ్రాసి సరిచూచుకొన్న ఆజ్ఞలవరుసలను నోటుపుస్తకములలో దాచుకొనెడివారు. ఒకరికి ఒక త్రికోణమితి విలువ కావలసివచ్చినచో, తోటివారి పుస్తకమునుండి ఆ వరుసను ఎత్తి వ్రాసికొనెడివారు. ఇందు రెండు కష్టములు కలవు. వరుసను కొత్త చోట ఇమిడ్చినపుడు, అందలి గదుల సంఖ్యలన్నిటికి కొంత మొత్తమును కలిపి మార్చుకొనవలెను. ఎత్తి వ్రాయుటలో తప్పులు దొర్లుచుండెను. కలుపుటలోను తప్పులు దొర్లుచుండెను. నకలు తీయుటయు, కూడుటయు యంత్రము తప్పులేకుండ చేయగల పనులే గదా, వానిని మనుష్యులు చేయనేల యని గ్రేసు ఆలోచించెను.

యుద్ధానంతరము, 1949 లో, ఆమె ఫిలడెల్ఫియా నగరమందలి ఎకర్టు-మాక్లీ కంప్యూటరు సంస్థలో చేరెను. అచ్చట యూనివాక్ అను యంత్రము తయారగుచుండెను. కొలదికాలమునకే రెమింగ్టన్ రాండ్ కంపెనీ ఆ సంస్థను కొనెను. గ్రేసు, సరిచూచిన ఆజ్ఞలవరుసలకు ఒక్కొక్క సంఖ్య నిచ్చి, వానిని అయస్కాంతపు పట్టీపై చేర్చెను. ప్రోగ్రాము వ్రాయువాడు తనకు కావలసిన వరుసల సంఖ్యలను మాత్రము తెలిపిన చాలును. యంత్రమే వానిని వెదకి తెచ్చి, గదుల సంఖ్యలు సవరించి, ఒక్కటిగా కూర్చును. 1952 నాటికి సిద్ధమైన ఈ సాధనమునకు ఏ-0 అని పేరు. అనేక భాగములను ఒకచో కూర్చునది గనుక దానిని ఆమె కంపైలరు అనెను. యంత్రము లెక్కలు చేయునేగాని ప్రోగ్రాములు వ్రాయజాలదని పలువురు తలంచిరి. పనిచేయు కంపైలరును చూపినను, వారు వెంటనే నమ్మలేదు.

గ్రేసు అంతటితో ఆగలేదు. వర్తకసంస్థలలో జీతముల పట్టీలు, సరకుల చిట్టాలు చూచువారు గణితపండితులు కారు. వారికి అంకెల గుర్తులకంటె మాటలే సుగమములు. మాటలతో వ్రాసిన ఆజ్ఞలను యంత్రభాషలోనికి కంపైలరు మార్చగలదని చూపుటకై, ఆమె బృందము 1955 లో ఒక చిన్న ప్రోగ్రామును సిద్ధపఱచెను. దానిని మొదట ఇంగ్లీషు మాటలతోను, పిమ్మట ఫ్రెంచి, జర్మను మాటలతోను నడపి చూపిరి. ఫిలడెల్ఫియాలో తయారైన అమెరికా యంత్రమునకు పరభాషలు తెలియుటెట్లని పై అధికారులు కలవరపడిరి! వాస్తవమునకు యంత్రమునకు ఇంగ్లీషును తెలియదు, ఫ్రెంచియు తెలియదు. అక్షరముల సముదాయమును గుర్తించి, దానికి సరియగు అంకెల గుర్తును వ్రాయుటయే దాని పని. ఆ అధికారులకు నచ్చచెప్పుటకై తిరిగి ఇంగ్లీషునకే పరిమితము కావలసివచ్చెను. ఇట్లు రూపొందిన భాషకు ఫ్లోమాటిక్ అని పేరు.

కాని పాతచిక్కు కొత్తరూపమున నిలిచియుండెను. ఫ్లోమాటిక్ యూనివాక్ యంత్రమునకు చెందినది. 1957 లో ఐ.బి.యం. కంపెనీవారు ప్రకటించిన ఫోర్ట్రాన్ తొలుత వారి 704 యంత్రమునకై పుట్టినది. ఒక కార్యాలయము పాతయంత్రమును మార్చి వేఱొక కంపెనీ యంత్రమును కొన్నచో, ప్రోగ్రాములన్నిటిని తిరిగి వ్రాయవలసినదే. అనేక కంపెనీల యంత్రములు గల అమెరికా రక్షణశాఖకు ఈ బాధ మిక్కుటముగా నుండెను. 1959 ఏప్రిలులో కొందఱు నిపుణులు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున సమావేశమై, అన్ని యంత్రములకును చెల్లు వర్తకభాష ఒకటి కావలెనని తలంచిరి. మే నెలలో రక్షణశాఖ ఆధ్వర్యమున పెంటగాన్ భవనమునందు పెద్దసభ జరిగెను.

యంత్రములు అమ్ముటలో ఒకరితో ఒకరు పోటీపడు కంపెనీల ప్రతినిధులు ఒక్క బల్లచుట్టు కూర్చుండి భాషను నిర్ణయింపవలసివచ్చెను. ఎవరి ఆచారము వారికి ప్రియము. ఆర్.సి.ఏ. కంపెనీకి చెందిన హోవార్డు బ్రోంబర్గు, ఈ పని తెమలదని విసిగి, భాష పేరు చెక్కించిన సమాధిఱాయి నొకదానిని కొని, రక్షణశాఖ అధికారియైన చార్లెస్ ఫిలిప్సునకు పంపెను! అయినను భాష చావలేదు. జీన్ సామెట్, గెర్‌ట్రూడ్ టియర్నీ మున్నగు ఆరుగురు నిపుణులు దానికి రూపము దిద్దిరి. గ్రేసు హాపరు ఆ ఆరుగురిలో ఒకతె కాదు, సలహాదారుగా నుండెను. కాని ఆ భాషకు ముఖ్యమైన పునాది ఆమె ఫ్లోమాటిక్. కొత్తభాషకు కోబాల్ అని పేరిడి, 1960 లో దాని వివరములను ప్రకటించిరి.

కోబాల్ ప్రోగ్రామునందు నాలుగు విభాగములు కలవు. మొదటిది ప్రోగ్రాము పేరును తెలుపును. రెండవది ఏ యంత్రముపై, ఏ పరికరములతో నడువవలెనో తెలుపును. మూడవది లెక్కకు తీసికొను వివరముల స్వరూపమును, నాలుగవది చేయవలసిన పనుల వరుసను తెలుపును. యంత్రమునుబట్టి మారు సంగతులను వీలైనంతవఱకు రెండవ విభాగమున ఒకచో చేర్చుటయే ఇందలి నేర్పు. ఇల్లు మారినవాడు చిరునామాను మాత్రము మార్చుకొన్నట్లు, యంత్రము మారినపుడు ముఖ్యముగా ఆ విభాగమును సవరించిన చాలునని వారి ఆశయము. అయితే ప్రతి యంత్రమునకును దాని కంపైలరును వేఱుగా వ్రాయవలసినదే. భాష యొక్కటి, అనువాదకులు పలువురు.

ఈ ఆశయము నిజమగునా, కాదా యను పరీక్ష 1960 డిసెంబరు 6, 7 తేదీలలో జరిగెను. ఒక యంత్రము ఆర్.సి.ఏ. 501, రెండవది రెమింగ్టన్ రాండ్ వారి యూనివాక్ 2. మొదటిది ట్రాన్సిస్టరులతో నిర్మితమైనది. రెండవదానిలో ప్రధానముగా శూన్యనాళికలుండెను. వాని యంత్రభాషలు వేఱు, నిర్మాతలు వేఱు. ఒకే కోబాల్ ప్రోగ్రామును అత్యల్పమైన మార్పులతో రెండిటిపైనను నడపిరి. రెండును దానిని నెఱవేర్చెను. ప్రోగ్రాము యంత్రమునకు బానిస కానక్కఱలేదని నాడు ఋజువయ్యెను.

కాని భాష ఒక్కటియని ఒప్పుకొనుట వేఱు, దానిని చెడకుండ కాపాడుట వేఱు. ఒక్కొక్క కంపెనీవారు తమ కంపైలరునకు తమకు తోచిన మార్పులు చేయుచుండిరి. 1966 లో నౌకాదళ సేవనుండి విరమించిన గ్రేసును, మఱుసటి సంవత్సరమే దళమువారు తిరిగి పిలిచిరి. కంపైలరులు నియమములను పాటించుచున్నవో లేదో కనుగొను పరీక్షలను ఆమె బృందము తయారుచేసెను. ఆరునెలలకై పిలువబడిన ఆమె, 1986 లో రియర్ అడ్మిరల్ హోదాలో 79 వ యేట విరమించువఱకు, దాదాపుగా ఎడతెగక సేవచేసెను.

యంత్రమునకు కట్టువడని ప్రోగ్రాములు దీర్ఘాయువులైనవి. పాతయంత్రములు తుక్కైపోయినను, వానిపై పుట్టిన కోబాల్ ప్రోగ్రాములు కొత్తయంత్రములకు తరలి బ్రతికినవి. అందలి ఒక లోపమును వానితో బ్రతికెను. చోటు పొదుపునకై అనేక ప్రోగ్రాములలో సంవత్సరమును చివరి రెండంకెలతోనే వ్రాసియుండిరి. 2000 వ సంవత్సరము వచ్చినపుడు యంత్రములు దానిని 1900 గా భ్రమించునని తెలిసి, 1990 ల చివర లోకమంతయు ఆ ప్రోగ్రాములను సవరింప బూనెను. అప్పుడు హైదరాబాదునందలి అమీరుపేట శిక్షణాలయములలో కోబాల్ నేర్చిన తెలుగు యువకులును, యువతులును ఎందఱో ఆ పనికై విదేశములకు వెళ్లిరి. ఆ సవరణను చూచుటకు గ్రేసు హాపరు లేదు. ఆమె 1992 జనవరి 1 వ తేదీన మరణించెను. 2016 లో అమెరికా ప్రభుత్వము ఆమెకు మరణానంతరము అధ్యక్షుని స్వేచ్ఛాపతకము నిచ్చి గౌరవించెను.

ఎప్పటినుండియో ఇట్లే చేయుచున్నాము గనుక ఇకను ఇట్లే చేయుదుమను మాట మిక్కిలి అపాయకరమని ఆమె తన శ్రోతలకు తఱచుగా చెప్పెడిది. యంత్రముల కొఱకు మనుష్యులు అంకెల గుర్తులు కంఠస్థము చేయుచున్న దినములలో, యంత్రమే మనుష్యుని మాట నేర్చుకొనవలెనని ఆమె పట్టుపట్టెను. పలువురు కూడి, తమ పంతములను కొంత విడిచి, ఆ మాటను అందఱ యంత్రములకును ఉమ్మడి చేసిరి.