చెరువు కట్టకు కంప్యూటరు చూపు

గండి పడిన తరువాత ఇసుక బస్తాలతో పరుగెత్తుట కంటె, బుంగ చిన్నదిగా నున్నప్పుడే కనిపెట్టుట మేలని రైతు సోదరులకు చెప్పనక్కరలేదు. 2021 నవంబరు 19న చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట వరదకు కొట్టుకొనిపోయినది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి, గేటే కొట్టుకొనిపోయినది.

కట్టడములను తరచుగా చూడవలెను. చూచు వారెవరు? మైళ్ళ కొలది కాలువలకు ఒక్క లస్కరు! అందుచేత డ్రోనుతో ఫొటోలు తీసి, కంప్యూటరుచేత పరీక్ష చేయించు పద్ధతి నేడు వాడుకలోనికి వచ్చుచున్నది.

కంప్యూటరుకు చూపెక్కడిదని అడుగవచ్చును. ఫొటో అనునది చిన్న చుక్కల కూర్పు. ఒక్కొక్క చుక్కకు దాని వెలుగును బట్టి అంకెలుండును. మనుష్యులు వేలాది ఫొటోలపై గుర్తులు పెట్టి, ఇది పగులు, ఇది కాదు అని నేర్పుదురు. తప్పినప్పుడెల్ల దిద్దగా దిద్దగా యంత్రము తన లెక్కను సరిచేసికొనును. 4 మీటర్ల గోడ ఫొటోలో అడ్డముగా 4000 చుక్కలున్నచో, చుక్కకు 1 మిల్లీమీటరు. అంతకన్న సన్నని పగులు నమ్మకముగా పట్టుబడదు. ఎత్తునుండి తీసిన అందమైన ఫొటో గోడకు వ్రేలాడదీయుటకే గాని పరీక్షకు పనికిరాదు.

తూము గోడ, అలుగు, వంతెనలకు ఈ పద్ధతి మంచిదే. మట్టికట్ట సంగతి వేరు. తుమ్మ, గడ్డి కప్పినచోట ఏమియు కానరాదు. సరిగా నేర్పని యంత్రము నల్లరేగడిలో వేసవి నెఱ్ఱెలను, గడ్డిపోచ నీడను కూడ ప్రమాదమనును. ఎండ్రకాయ బొరియ లోతు, కట్ట లోపలి ఊట మామూలు ఫొటోకు దొరకవు. వానికి మనిషి కాలినడకయే గతి. బయటివైపు ఊట తేటగా నున్నను కనిపెట్టి చూచుచుండవలెను. బురదగా వచ్చినచో లోపలి మట్టి కొట్టుకొనిపోవుచున్నదన్నమాట. అప్పుడు ఫొటోల కొరకు ఆగక, వెంటనే ఇంజనీరుకు కబురంపవలెను.

డ్రోను లేని గ్రామమునకు సెల్‌ఫోను చాలును. పగులు ప్రక్కన స్కేలు ఆనించి, నెలకొకసారి, ఒకే చోట నిలిచి, ఒకే వేళకు ఫొటో తీయుడు. పగులు రెండు కొసల రంగు గీత గీసి తేదీ వేయుడు. పగులుండుట కన్న అది పెరుగుట ముఖ్యము. పాత ఫొటో లేనిదే పెరిగినదో లేదో యంత్రమును చెప్పలేదు, ఇంజనీరును చెప్పలేడు. మొదటి ఫొటోను వేసవిలోనే తీసి ఉంచుడు. చెరువు నిండిన తరువాత తూము గోడ సగము నీటిలో నుండును.