ర్యాంకు వచ్చింది, సీటు మాటేమిటి?

ఎండీ పూర్తిచేసిన అమ్మాయి ఇంటికి ఫోన్ చేసి "మూడొందల ఎనభై వచ్చింది నాన్నా" అంటుంది. అది మార్కులో, ర్యాంకో నాన్నకు అర్థం కాదు. పక్కింటాయన మాత్రం ఊరుకోడు. "మరి కార్డియాలజీ వచ్చేసినట్టేనా?" అంటాడు. ఎంసెట్ రోజుల నుంచి ర్యాంకులతో కాపురం చేస్తున్న ఇళ్లలో కూడా సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష నీట్ ఎస్‌ఎస్ దగ్గరికి వచ్చేసరికి లెక్క తప్పుతుంది. పాత లెక్కలు ఇక్కడ పనిచేయవు మరి. తొలిసారి ఈ దారిలో అడుగుపెట్టే డాక్టర్లకూ, పక్కన నిలబడి కంగారుపడే ఇంటివాళ్లకూ ఇది రాస్తున్నాను.

ముందు ఏ తలుపు తట్టాలో చూసుకోండి

ఎండీ, ఎంఎస్, లేదా డీఎన్‌బీ తర్వాత మూడేళ్ల సూపర్ స్పెషాలిటీ చదువుకు డీఎం, ఎంసీహెచ్, డీఆర్‌ఎన్‌బీ అని మూడు పేర్లున్నాయి. మెడిసిన్ వైపు డీఎం, సర్జరీ వైపు ఎంసీహెచ్. ఇవి మెడికల్ కాలేజీల్లో, విశ్వవిద్యాలయాల కింద నడుస్తాయి. డీఆర్‌ఎన్‌బీని జాతీయ పరీక్షల బోర్డు (ఎన్‌బీఈఎంఎస్) గుర్తించిన ఆసుపత్రుల్లో చేస్తారు. హైదరాబాద్‌లో చాలా కార్పొరేట్ ఆసుపత్రుల సీట్లు ఈ కోవలోవే.

ఈ మూడింటికీ పెద్ద తలుపు నీట్ ఎస్‌ఎస్. 2017 నుంచి ఉంది. పరీక్ష పెట్టేది ఎన్‌బీఈఎంఎస్, సీట్లు పంచేది కేంద్ర ఆరోగ్య శాఖ కింది మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ, అదే ఎంసీసీ. వీళ్లిద్దరూ వేరు. ర్యాంకు గురించి ఎంసీసీని, సీటు గురించి బోర్డును అడిగి జవాబు రాలేదని తిట్టుకునేవాళ్లు ఏటా కనిపిస్తారు.

రెండో తలుపు ఐఎన్‌ఐ ఎస్‌ఎస్. ఢిల్లీ ఎయిమ్స్ ఏడాదికి రెండుసార్లు, జనవరి, జులై సెషన్లకు పెడుతుంది. ఎయిమ్స్‌లు, చండీగఢ్ పీజీఐ, పుదుచ్చేరి జిప్‌మర్, బెంగళూరు నిమ్‌హాన్స్ లాంటి సంస్థలకు ఇదే దారి. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లలో సూపర్ స్పెషాలిటీ సీటు కావాలన్నా నీట్ ఎస్‌ఎస్ ర్యాంకు అక్కరకు రాదు. ఇక్కడ రాతపరీక్ష ఒక్కటే చాలదు, ఆ విభాగం వాళ్లు పెట్టే రెండో దశ కూడా దాటాలి.

గ్రూపు తెలియకుండా ర్యాంకు అడగొద్దు

నీట్ ఎస్‌ఎస్‌లో అందరికీ కలిపి ఒకే ర్యాంకు ఉండదు. మెడిసిన్, సర్జరీ, పీడియాట్రిక్స్, అనస్థీషియా, రేడియాలజీ, పాథాలజీ ఇలా 13 గ్రూపులు. ఏ గ్రూపు పేపర్ దానిదే, ఏ గ్రూపు ర్యాంకుల జాబితా దానిదే. వేల మంది రాసే మెడిసిన్ గ్రూపులో 380 అంటే చాలా మంచి ర్యాంకు. కొద్దిమందే రాసే గ్రూపులో అదే 380 అంటే ఆశ వదులుకోవాల్సిన ర్యాంకు కావచ్చు. కాబట్టి పక్కింటాయనకు చెప్పాల్సిన జవాబు: "ఏ గ్రూపండీ?"

మీ ఎండీ ఏయే కోర్సులకు ఫీడర్ (అంటే ప్రవేశార్హత ఇచ్చే డిగ్రీ) అవుతుందో, ఆ కోర్సు ఏ గ్రూపు కింద ఉందో దరఖాస్తుకు ముందే ఎన్‌బీఈఎంఎస్ సమాచార బులెటిన్‌లోని పట్టికలో చూడండి. కొన్ని సూపర్ స్పెషాలిటీలకు రెండు మూడు ఎండీలు ఫీడర్లుగా ఉంటాయి. అక్కడే పొరపాట్లు ఎక్కువ.

మార్కుల సంగతి

150 ప్రశ్నలు, రెండున్నర గంటలు, 600 మార్కులు. ప్రశ్నలు 50 చొప్పున మూడు భాగాలు, ఒక్కోదానికి 50 నిమిషాలు. ఒక భాగం సమయం అయిపోతే వెనక్కి వెళ్లే వీలుండదు. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు ఒకటి కోత.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసుకోండి. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని ఒకటి పెడితే, నాలుగుసార్లలో సగటున ఒకసారి 4 వస్తాయి, మూడుసార్లు ఒక్కొక్కటి పోతుంది. మిగిలేది ఒక మార్కు. అంటే గుడ్డిగా పెట్టినా సగటున నష్టం లేదు. ఒక ఆప్షన్ కచ్చితంగా కాదని తెలిస్తే లాభం ఇంకా పెరుగుతుంది. భయపడి ఇరవై ప్రశ్నలు వదిలేసి వచ్చేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. కానీ ఒప్పు పెట్టిన జవాబును చివరి నిమిషంలో మార్చి తప్పు చేస్తే పోయేది ఒకటి కాదు, 5 మార్కులు. ఒక్కో మార్కు దగ్గర డజన్ల మంది గుమిగూడే చోట ఐదు మార్కులంటే ర్యాంకు ఎక్కడికో జారిపోతుంది.

పర్సంటైల్ అంటే మార్కుల శాతం కాదు. మీ గ్రూపులో వందకు ఎంతమంది మీతో సమానంగానో, మీకన్నా వెనకో ఉన్నారన్నదే పర్సంటైల్. అర్హతకు 50వ పర్సంటైల్ కావాలి. సీట్లు మిగిలిపోయి, చివరి రౌండ్లలో ఈ గీతను 20 దాకా దించిన సంవత్సరాలూ ఉన్నాయి. అందుకని అర్హత రాలేదని మొదటి రోజే పుస్తకాలు అటకెక్కించి ఎంసీసీ నోటీసులు చూడటం మానేయకండి.

రిజర్వేషన్ కాలమ్ కోసం వెతక్కండి

ఎంసెట్ అలవాటుతో కేటగిరీ ర్యాంకు ఎంత అని అడిగేవాళ్లు చాలామంది. సూపర్ స్పెషాలిటీ సీట్లలో కులాల వారీ రిజర్వేషన్లు లేవు. మన రాష్ట్రాలకు ఇందులో ఓ కథ ఉంది. ఒకప్పుడు ఈ సీట్లు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో స్థానికులకే దక్కేవి. బయటి రాష్ట్రాల డాక్టర్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. స్థానికులకు ప్రత్యేక ఏర్పాట్లు కల్పించే రాజ్యాంగంలోని 371-డి అధికరణం అండగా ఉంది కాబట్టి మన రాష్ట్రాల నిబంధనను కోర్టు 2015 అక్టోబరులో కొట్టేయలేదు. అయినా ఈ స్థాయి చదువులో ప్రతిభే కొలబద్ద కావాలన్న ఆశను గట్టిగా వెలిబుచ్చింది. ఆ తర్వాత ఉమ్మడి కౌన్సెలింగ్ వచ్చింది. ఇవాళ హైదరాబాద్ నిమ్స్ సీటుకు జైపూర్ డాక్టరూ, కొచ్చి డాక్టరూ పోటీయే. మీరూ అక్కడి సీట్లకు పోటీయే. తమిళనాడులో మాత్రం ప్రభుత్వ కాలేజీల సీట్లలో సగం అక్కడి ప్రభుత్వ సర్వీసులో ఉన్న డాక్టర్లకు పోతాయి. చెన్నై లెక్కలు చూసేటప్పుడు ఆ సగం తీసేసి చూడండి.

వెబ్ ఆప్షన్లు: అసలు ఆట ఇక్కడే

ఇంతవరకూ చెప్పినదంతా ఒక ఎత్తు, ఆప్షన్లు పెట్టడం ఒక ఎత్తు. "నా ర్యాంకుకు అది రాదులే" అని కావాల్సిన సీటును కిందికి తోసి, వచ్చేలా ఉన్నదాన్ని పైన పెట్టడం అందరూ చేసే తప్పు. చదువుకున్నవాళ్లు, అందులోనూ గుండెలు కోసి కుట్టే చదువుకు సిద్ధమైనవాళ్లు, ఇది చేస్తారు.

ఎంసీసీ కంప్యూటర్ మొదటి ర్యాంకు దగ్గర మొదలుపెట్టి వరసగా కిందికి వస్తుంది. మీ వంతు వచ్చినప్పుడు మీ జాబితాను పైనుంచి చదువుతుంది. అప్పటికి ఖాళీగా ఉన్న మొదటి సీటు మీకిచ్చి ముందుకు పోతుంది. పైన రాని సీటు పెట్టినందుకు శిక్ష లేదు, తర్వాతి ఆప్షన్‌లో మీ వంతు వెనక్కీ పోదు.

ముగ్గురిని తీసుకుందాం, ర్యాంకులు 210, 211, 212. మిగిలినవి హైదరాబాద్‌లో గ్యాస్ట్రో, విశాఖలో కార్డియో, తిరుపతిలో నెఫ్రో, ఒక్కో సీటే. 211కు మనసులో గ్యాస్ట్రోనే ఉంది. కానీ 210 దాన్ని ఎగరేసుకుపోతాడనుకుని కార్డియోను పైన పెట్టింది. 210కి తిరుపతి సొంతూరు, అతను నెఫ్రో తీసుకున్నాడు. 211కు కార్డియో వచ్చింది. గ్యాస్ట్రో 212కు వెళ్లిపోయింది. తన కన్నా వెనక ర్యాంకువాడికి తన సీటు పోవడం ఆమె స్వయంగా రాసుకున్న తీర్పు.

కాబట్టి జాబితా మీ ఇష్టం వరసలోనే ఉండాలి. ఎంత పొడుగైనా ఫర్వాలేదు. కానీ వస్తే చేరను అనుకునే సీటు అందులో ఉండకూడదు. లాక్ చేశాక ఒక కాపీ తీసి పెట్టుకోండి.

పాత సంవత్సరాల క్లోజింగ్ ర్యాంకులు, అంటే ఒక్కో సీటు దక్కిన చివరి ర్యాంకులు, పనికొస్తాయి, ఎంసీసీ రౌండ్ల వారీగా పెట్టే జాబితాల నుంచి మీరే తీసుకుంటే. మొదటి రౌండ్ కాదు, చివరిది చూడండి. ఒకే సీటున్న చోట ఏడాదికీ ఏడాదికీ ర్యాంకు కోతిలా గెంతుతుంది, దాన్ని నమ్మకండి. గ్యాస్ట్రో, కార్డియో లాంటివి ముందే అయిపోతాయి. గుండె శస్త్రచికిత్స, పిల్లల శస్త్రచికిత్స సీట్లు మాత్రం ఏటా మిగులుతున్నాయి. అవి చేయాలని నిజంగా ఉన్నవాళ్లకు మంచి కాలేజీ దొరికే అవకాశం ఎక్కువన్నమాట.

విద్యాసంస్థలకు కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకు ఇందులో ఎంత సాయం చేస్తుంది? కొద్దిగానే. ఢిల్లీ ఎయిమ్స్ ఏటా మొదటి స్థానంలో ఉంటుందని తెలుసుకోవడానికి ఆ జాబితా అక్కర్లేదు. అది మొత్తం సంస్థను తూచే తూకం. మీరు చేరేది ఒక విభాగంలో, ఒక యూనిట్‌లో. అక్కడ రెండో ఏడు చదువుతున్న వాళ్లకు ఫోన్ చేయండి. వారానికి ఎన్ని కేసులు సొంతంగా చేస్తున్నారు, స్టయిపెండ్ నెలనెలా వస్తోందా, బాండ్ ఎన్నేళ్లు, మధ్యలో వెళ్లిపోతే ఎంత కట్టాలి అని అడగండి. ఫీజు గురించి వాళ్లనే అడగండి. ప్రైవేటు డీమ్డ్ కాలేజీల్లో అది ఏడాదికి లక్షల్లో ఉంటుంది.

చేరే ముందు

రిజిస్ట్రేషన్‌కు కట్టే డబ్బులో కొంత తిరిగి రాదు, సెక్యూరిటీ డిపాజిట్ షరతుల మీద వస్తుంది. ఏ రౌండ్‌లో వదిలేస్తే డిపాజిట్ పోతుందో ఆ ఏడాది ఎంసీసీ బులెటిన్‌లో చదవండి, సీనియర్ చెప్పిన పాత మాట మీద నిలబడకండి. అప్‌గ్రేడ్‌కు సరేనన్నాక రెండో రౌండ్‌లో కొత్త సీటు వస్తే మొదటిది ఆ క్షణమే పోతుంది. మళ్లీ అది కావాలన్నా రాదు.

అన్నిటికన్నా గట్టి నిబంధన ఇంకొకటుంది. ఒకసారి డీఎం, ఎంసీహెచ్, డీఆర్‌ఎన్‌బీలో చేరితే, మధ్యలో మానేసినా సరే, ఆ కోర్సు గడువు పూర్తయ్యేదాకా మళ్లీ నీట్ ఎస్‌ఎస్ రాయనివ్వరు. "ముందు చేరదాం, నచ్చకపోతే వచ్చే ఏడు చూద్దాం" అనే మాట ఇక్కడ చెల్లదు.

సీటు వచ్చాక చేరడానికి ఇచ్చే గడువు కొద్ది రోజులే. ఎండీ డిగ్రీ, మార్కుల పత్రాలు, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, అన్నీ అసలువే కావాలి. పాత కాలేజీలో బాండ్ కింద మీ ఒరిజినల్స్ ఉండిపోయి ఉంటే, వాటిని ఎప్పుడు, ఏ షరతు మీద ఇస్తారో ఆప్షన్లు పెట్టే వారానికి ముందే వెళ్లి కాగితం మీద రాయించుకోండి. ఆ గుమస్తా సెలవు మీద వెళ్లే రోజు మీ రిపోర్టింగ్ చివరి రోజు కావచ్చు.