తిరుత్తణి దారిలో బ్యాటరీ ఫ్రిజ్: తొలిసారి వాడేవారికి

మద్రాసు నుంచి తిరుపతికి కారులో వెళ్లే మనవాళ్లు తిరువళ్లూరులో వీరరాఘవస్వామిని, తిరుత్తణిలో సుబ్రహ్మణ్యస్వామిని చూసుకుని నగరి, పుత్తూరు మీదుగా సాగిపోతారు. దూరం పెద్దదేమీ కాదు, ఎండే పెద్దది. కత్తిరి రోజుల్లో తిరుత్తణి నలభై డిగ్రీలు దాటడం అక్కడివాళ్లకు కొత్త కాదు. పొద్దున కలిపిన పెరుగన్నం మధ్యాహ్నానికి పులిసిపోతుంది. పసిబిడ్డకని తెచ్చిన పాలు విరిగిపోతాయి. ఇన్సులిన్ వేసుకునే పెద్దవాళ్లయితే మందు పాడవుతుందన్న భయంతో ప్రయాణమే మానుకుంటారు.

నేను ముఖ్యంగా ఆ పెద్దవాళ్ల కోసమే రాస్తున్నాను. తిరువళ్లూరు స్వామిని వైద్య వీరరాఘవుడని పిలుస్తారు. జబ్బు నయం కావాలని మొక్కుకున్నవాళ్లు అమావాస్యకు వచ్చి హృత్తాపనాశిని కోనేట్లో బెల్లం కరిగిస్తారు. అక్కడికి రావాలని ఎవరికి ఎక్కువగా ఉంటుందో వాళ్లకే ప్రయాణం కష్టం. బ్యాటరీతో నడిచే చిన్న ఫ్రిజ్ ఆ కష్టాన్ని చాలావరకు తీరుస్తుంది, పద్ధతి తెలిసి వాడితే.

కొనేటప్పుడు

బజారులో ఒకేలా కనిపించే పెట్టెలు రెండు రకాలు. మొదటిది పెల్టియర్ రకం. 1834లో జాన్ పెల్టియర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కనిపెట్టిన సూత్రంతో పనిచేస్తుంది. తేలిక, చవక. కానీ బయట ఎంత వేడి ఉంటే దానికన్నా పదిహేను నుంచి ఇరవై డిగ్రీలు మాత్రమే తగ్గించగలదు. బయట 42 ఉంటే లోపల 22 కన్నా తగ్గదన్నమాట. మంచినీళ్లకు సరిపోతుందేమో గానీ పాలకు, మందుకు పనికిరాదు. రెండోది కంప్రెసర్ రకం, మన ఇంటి ఫ్రిజ్‌కు చిన్న రూపం. మన ఎండలకు ఇదొక్కటే దారి, ఖరీదు ఎక్కువైనా సరే. అడుగున ఉన్న లేబుల్ చదవండి. కంప్రెసర్ అని స్పష్టంగా రాసి ఉండాలి, మైనస్ పద్దెనిమిది దాకా వెళ్తుందని ఉండాలి. వాతావరణ తరగతి దగ్గర ‘టీ’ అనే అక్షరం ఉంటే మరీ మంచిది. 43 డిగ్రీల వేడిలోనూ పనిచేసేలా తయారుచేశారని దానర్థం.

నలుగురున్న ఇంటికి పద్దెనిమిది, ఇరవై లీటర్లు చాలు. పెద్దది కొంటే నిండదు. సగం ఖాళీగా ఉన్న ఫ్రిజ్ మూత తీసిన ప్రతిసారీ వేడిగాలిని నింపుకుంటుంది.

కరెంటు లెక్క

అందరూ దాటేసే మెట్టు ఇదే. కాగితం, పెన్ను తీసుకోండి.

ఈ సైజు ఫ్రిజ్ కంప్రెసర్ తిరిగేటప్పుడు సుమారు 45 వాట్లు లాగుతుంది. అది రోజంతా తిరగదు. లోపల చల్లబడగానే ఆగుతుంది, వేడెక్కితే మళ్లీ మొదలవుతుంది. మన వేసవిలో సగం సేపు తిరుగుతుందనుకుంటే సగటున గంటకు 22, 23 వాట్ అవర్లు. రోజుకు 500 దాటుతుంది. పవర్ స్టేషన్ అని అమ్మే పెద్ద బ్యాటరీ పెట్టె మీద 500 వాట్ అవర్లు అని ఉన్నా, నష్టాలు పోగా మన చేతికందేది 430 లోపే. కాబట్టి ఒక పగలు, ఒక రాత్రి పూర్తిగా దాని మీదే నెట్టుకురావడం కష్టం. కారు నడిచేటప్పుడు కారు సాకెట్ నుంచి ఫ్రిజ్ నడిపి, ఆగినప్పుడు పవర్ స్టేషన్‌కు మార్చుకుంటే సరిపోతుంది.

పవర్ స్టేషన్‌కు 230 వోల్టుల ప్లగ్గు, 12 వోల్టుల గుండ్రటి సాకెట్ రెండూ ఉంటాయి. ఫ్రిజ్‌ను 12 వోల్టుల దానికే తగిలించండి. మొదటి దానికి తగిలిస్తే బ్యాటరీ కరెంటు ఒకసారి 230కి పెరిగి, ఫ్రిజ్ అడాప్టర్‌లో మళ్లీ 12కి దిగుతుంది. ఎక్కేటప్పుడు కొంత, దిగేటప్పుడు కొంత వేడిగా పోతుంది.

మరి కారు బ్యాటరీతోనే కానిచ్చేయొచ్చుగా అంటారు చాలామంది. చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లనుకుందాం. పన్నెండుతో గుణిస్తే 420 వాట్ అవర్లు. అయితే ఆ బ్యాటరీ ఇంజను స్టార్ట్ చేయడానికి పుట్టింది. మూడో వంతుకు మించి వాడుకుంటే దాని ఆయుష్షు తగ్గుతుంది, ఇంజను కదలకుండా కూర్చునే ప్రమాదమూ ఉంది. మూడో వంతంటే 140. అంటే ఇంజను ఆపాక ఐదారు గంటలు. మామూలు రోజు దర్శనానికి అది చాలు. ఆడికృత్తిక పండగకు చాలదు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలో కలిసినా, ఆ పండగకు పుష్పకావళ్లు ఎత్తుకుని చిత్తూరు వైపు నుంచి జనం వస్తూనే ఉన్నారు. ఆ రద్దీలో 365 మెట్లెక్కి, దర్శనం చేసుకుని, దిగి, కారు బయటికి తీసేసరికి ఎంతసేపవుతుందో ముందే చెప్పలేం.

దీనికి ఫ్రిజ్‌లోనే ఒక రక్షణ ఉంది. బ్యాటరీ వోల్టేజీ ఫలానా అంకె కిందికి పడితే అది తనంతట తానే ఆగిపోతుంది. సెట్టింగుల్లో హై, మీడియం, లో అని మూడుంటాయి. కారు బ్యాటరీకి తగిలించినప్పుడు తప్పకుండా హై. పవర్ స్టేషన్‌కైతే లో పెట్టినా నష్టం లేదు, దానికి దాని రక్షణ వేరే ఉంటుంది. ఇంకో సంగతి: చాలా కార్లలో తాళంచెవి తీయగానే కారు సాకెట్‌కు కరెంటు ఆగిపోతుంది. మీ కారు ఏ రకమో ఇంటి ముందే చూసుకోండి.

బయల్దేరే ముందు రాత్రి

మద్రాసు సముద్రతీరంలో ఐస్‌హౌస్‌ను 1842లో కట్టారు. బోస్టన్ నుంచి ఓడల్లో రంపపు పొట్టులో కప్పి తెచ్చిన మంచును అక్కడ దాచేవారు. ఇప్పుడది వివేకానందర్ ఇల్లం. కంప్రెసర్ లేని రోజుల్లో అన్ని నెలల ప్రయాణం తట్టుకుని మంచు మద్రాసు చేరిందంటే అదంతా కప్పి ఉంచడంలోని నేర్పే. చలిని పుట్టించడం కన్నా కాపాడుకోవడం తేలిక. మన ఫ్రిజ్‌కూ అదే సూత్రం.

అందుకే ముందురోజు రాత్రే ఫ్రిజ్‌ను ఇంటి కరెంటుకు తగిలించి, 3 డిగ్రీలు పెట్టి ఖాళీగా నడపండి. అందులో పెట్టబోయే ప్రతి వస్తువునూ ఇంటి ఫ్రిజ్‌లో చల్లబరచండి. రెండు చిన్న నీళ్ల సీసాలను ముప్పావు వంతు మాత్రమే నింపి డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించండి. గోరువెచ్చటి పెరుగన్నం గిన్నెను తెల్లవారుజామున తెచ్చి పెడితే, దాన్ని చల్లబరచడానికే బ్యాటరీలో చాలా భాగం ఖర్చవుతుంది.

ఏం పెట్టాలి, ఏం అక్కర్లేదు? పులిహోర, పొడులు, ఊరగాయ, మురుకులకు ఫ్రిజ్ అవసరం లేదు. అరటిపండ్లు పెడితే నల్లబడతాయి. పాలు, పెరుగు, మజ్జిగ, కోసిన పండ్లు, ఉడికిన కూరలు, మందులు, అభిషేకానికి తీసుకెళ్లే ఆవిన్ పాల ప్యాకెట్లు, స్వామికి మల్లెపూల మాల: వీటికే చోటు. పూలను తడిగుడ్డలో చుట్టి అన్నిటికన్నా పైన పెట్టండి. పండిన పండ్ల పక్కన పెడితే త్వరగా వాడతాయి.

సర్దేటప్పుడు గడ్డకట్టిన సీసాలు అడుగున, వాటి మీద పాలు, మధ్యాహ్నం తీయాల్సినవి పైన. ఖాళీలుంటే చల్లటి నీళ్ల సీసాలతో నింపండి. ఏది ఎక్కడుందో ఒకరికి తెలిసి ఉండాలి. మూత తెరిచి వెతుక్కునే ప్రతి నిమిషమూ ఖర్చే.

కారులో

ఫ్రిజ్‌ను డిక్కీలో గానీ వెనక సీటు ముందు గానీ కదలకుండా కట్టండి. పక్కనున్న జాలీల దగ్గర ఒక జానెడు ఖాళీ వదలండి. లోపలి వేడి బయటికి పోయేది అక్కడినుంచే. దుప్పట్లు, సంచులు దాని మీద పడేస్తే కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, కాసేపటికి ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. పడుకోబెట్టి తీసుకొచ్చిన ఫ్రిజ్‌ను నిలబెట్టిన వెంటనే ఆన్ చేయకండి. కంప్రెసర్‌లోని నూనె కిందికి దిగడానికి కొన్ని గంటలు వదలండి.

తిరువళ్లూరు చేరేసరికి ఒకసారి ఫ్రిజ్ మీది అంకె చూడండి. 5 లోపు ఉంటే ఏమీ ముట్టుకోవద్దు. కారు ఆపేటప్పుడు నీడ వెతకండి, వంద అడుగులు ఎక్కువ నడవాల్సివచ్చినా సరే. ఎండలో అద్దాలు మూసిన కారు లోపల అరవై డిగ్రీలకు చేరగలదు. ఆ వేడిలో సగం సేపు తిరగాల్సిన కంప్రెసర్ ఆపకుండా తిరుగుతుంది, మన లెక్క తప్పుతుంది. పవర్ స్టేషన్‌కు అది మరీ హాని. లిథియం బ్యాటరీని అంత వేడిలో వదలకూడదు. నీడ దొరక్కపోతే ఒకరు కారు దగ్గర ఉండండి, లేదా పవర్ స్టేషన్‌ను చేతబట్టుకుని సత్రం వరండాలోకి చేర్చండి.

బయటికి తీసిన తిండి విషయంలో ఒక గట్టి నియమం: గాలి 32 డిగ్రీలు దాటినప్పుడు పాలు, పెరుగు, వండిన పదార్థాలు గంటకు మించి బయట ఉంచొద్దు. మిగిలింది తిరిగి ఫ్రిజ్‌లో పెట్టి సాయంత్రం తినడం కన్నా పారేయడం మేలు, ముఖ్యంగా పిల్లలున్నప్పుడు.

ఇన్సులిన్

తెరవని సీసాలు, పెన్నులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్నది చాలా రకాల్లో 25, 30 డిగ్రీల లోపు నాలుగు వారాలవరకు నిలుస్తుంది, కచ్చితమైన గడువు మందు కాగితం మీద ఉంటుంది. కాబట్టి ఒక్కరోజు ప్రయాణానికి వాడుతున్న పెన్ను ఒక్కటే ఉంటే, తడిగుడ్డ చుట్టిన చిన్న మట్టికుండ కూడా సాయపడుతుంది. దాన్ని చిన్నచూపు చూడొద్దు. నాలుగు రోజులు ఊళ్లు తిరిగేవాళ్లకు, తెరవని మందు వెంట ఉన్నవాళ్లకు ఫ్రిజ్ కావాలి.

వేడి కన్నా చలి ప్రమాదం ఇక్కడ ఎక్కువ. గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా పనిచేయదు, చూడటానికి మాత్రం మామూలుగానే ఉండొచ్చు. ఫ్రిజ్ మీది అంకె గోడ దగ్గరుండే సెన్సర్‌ది, మధ్యలో వేరుగా ఉండొచ్చు. అందుకే ఫ్రిజ్‌లలో వాడే చిన్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి మందు పక్కనే పెట్టండి. మందును మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పొడి గుడ్డ చుట్టి, గోడలకూ మంచు సీసాలకూ తగలకుండా పైవరసలో ఉంచండి. ఇన్సులిన్ ఉన్నప్పుడు ఫ్రిజ్‌ను 5 డిగ్రీల మీద పెట్టండి, 3 మీద కాదు. ఇదంతా ఇంటి దగ్గరే ఒకరోజు నడిపి చూసి, థర్మామీటర్ అంకెలు రాసుకున్నాకే మందును అప్పగించండి.

రాత్రి తోటలో

పుత్తూరు, నగరి వైపు చుట్టాల మామిడితోటలో ఒక రాత్రి గడిపేవాళ్లుంటారు. కరెంటు లేకపోయినా భయం లేదు. రాత్రి చల్లబడితే ఫ్రిజ్ ఖర్చూ తగ్గుతుంది. పడుకునే ముందు ఎకో మోడ్‌లో పెట్టి, మూత గట్టిగా పడిందో లేదో చూసి, పైన మందపాటి దుప్పటి కప్పండి, జాలీలు వదిలేసి. సోలార్ పలక తీసుకెళ్తే వంద వాట్లదని రాసి ఉన్నా, ఎండకు వేడెక్కిన పలక అరవై, డెబ్బై ఇస్తే మంచి రోజే. చెట్టు కొమ్మ నీడ ఒక మూల పడినా వచ్చే కరెంటు బాగా పడిపోతుంది. పలక ఎండలో, బ్యాటరీ నీడలో, మధ్యలో పొడవైన వైరు.

ఇల్లు చేరాక ఫ్రిజ్ ఆపి, నీళ్లు తుడిచి, వంటసోడా కలిపిన నీళ్లతో ఒకసారి కడిగి ఆరబెట్టండి. మూత కొంచెం తెరిచి ఉంచితే బూజు వాసన పట్టదు. పవర్ స్టేషన్‌ను సగానికి పైగా ఛార్జ్‌తో చల్లటి చోట దాచి, రెండు మూడు నెలలకోసారి తీసి ఛార్జ్ చూడండి. పూర్తిగా ఖాళీ అయిన లిథియం బ్యాటరీని నెలల తరబడి అలాగే వదిలేస్తే మళ్లీ ఛార్జ్ ఎక్కకపోవచ్చు.