తిండి మానిన నీటికప్ప

మన చెఱువుగట్టు కప్ప నాలుక విసరి పురుగును పట్టుట పిల్లలందఱు చూచినదే. గాజుతొట్టిలో పెంచు ఆఫ్రికా మఱుగుజ్జు కప్పకు ఆ నాలుకయే లేదు. కాంగో నదీప్రాంతపు నిదానమైన నీళ్లు దీని పుట్టినిల్లు. జీవితమంతయు నీటిలోనే గడుపును. గాలి పీల్చుటకు మాత్రము పైకి వచ్చి పోవుచుండును. దీని చూపు మందము. వాసన పట్టి మేతను వెదకి, నోరు తెఱచి నీటితోపాటు లోనికి లాగుకొనును.

ఈ కప్పలు చేపలతో కలిసి పెరుగునని అంగడివారు చెప్పుచుందురు. పెరుగును గాని, మేత పడిన క్షణముననే చేపలు దానిని కాజేయును. కప్ప వాసన పట్టి వచ్చుసరికి అడుగున ఏమియు మిగులదు. మనము మాత్రము రోజూ మేత వేయుచున్నాము గదా యని నిశ్చింతగా నుందుము. కొన్నాళ్లకు పైనుండి చూచినచో తుంటియెముకలు పొడుచుకొని, ప్రక్కలు లోనికి పోయి కనబడును. అట్టి కప్ప తిండి మానలేదు. దానికి తిండి దొరకలేదు.

చర్మము విడుచునప్పుడు ఒకటి రెండు పూటలు తినకున్నను భయపడ నక్కఱలేదు. పొట్ట బంతివలె ఉబ్బిన కప్ప బలిసినదని మాత్రము భ్రమపడరాదు. అది ఒంటికి నీరు పట్టు వ్యాధి కావచ్చును.

మొదట నీటిని సరిచూడవలయును. మిగిలిన మేత క్రుళ్లినచో అమ్మోనియా పుట్టి కప్పకు ఆకలి చచ్చును. నాలుగవ వంతు నీరు తీసి క్రొత్తనీరు పోయుట మేలు. కుళాయినీటిలోని క్లోరిను కప్ప చర్మమునకు హాని చేయును గనుక, ఆ నీటిని ఒక దినము వెడల్పాటి పాత్రలో తెఱచి యుంచి వాడవలయును. క్లోరమిను కలుపు ఊళ్లలో ఇది చాలదు. దానిని విఱుచు మందు చేపల అంగడిలో దొరకును. నీటి వేడిమి 24 మొదలు 26 డిగ్రీల సెంటిగ్రేడు ఉండవలయును.

పిమ్మట చేపలను వేఱు తొట్టికి మార్చి, అడుగున ఒక చిన్న మట్టిమూకుడు ఉంచి, ప్రతి సాయంకాలము ఒకే వేళకు అందులోనే మేత వేయవలయును. మంచుగడ్డగా అమ్ము ఎఱ్ఱపురుగులను నీటిలో కరగనిచ్చి, డ్రాపరుతో కప్ప ముక్కు ముందు అంగుళము దూరమున రెండు మూడు విడువవలయును. వెంటనే అందుకొనకున్నచో కదలక వేచియుండవలయును. పావుగంటలో తిననిది తీసివేయవలయును. ఎండుగుళికలను చాల కప్పలు ముట్టవు. మురుగుకాలువలోని దోమపిల్లలను తేరాదు. వానిలో విషమందు లుండవచ్చును. బక్కకప్ప ఒక్కనాట కోలుకొనదు, వారములు పట్టును. పిల్లలు జాలిపడి దాని నోరు తెఱచి మేత క్రుక్కుటకు పూనుకొందురు. తల్లిదండ్రులు దీనిని తప్పక వారింపవలయును. ఆ దవడలు మిక్కిలి సున్నితములు.

నీరు బాగుండియు వారము దినములు ఏమియు తినకున్నను, ఒంటిపై ఎఱ్ఱని మచ్చలుగాని దూదివంటి బూజుగాని కనబడినను పశువైద్యునకు చూపవలయును.

2008 నుండి 2011 వఱకు అమెరికాలో ఈ కప్పల మూలమున సాల్మొనెల్లా సోకి జబ్బుపడినవారిలో ఎక్కువమంది పిల్లలే. కావున తొట్టినీటిని వంటయింట పాఱబోయరాదు. తొట్టిలో చేయి పెట్టుటకు ముందు వట్టినీటితోను, తీసిన తరువాత సబ్బుతోను చేతులు కడుగుకొనవలయును.