బటన్లు కాదు, అంకెల గురించి రాయండి

ప్రశ్న: పైపులైన్ పనుల్లో వాల్వులు, మ్యాన్‌హోళ్ల స్థానాలు నమోదు చేసే మొబైల్ యాప్‌కు మాన్యువల్ రాయమన్నారు. ఏ బటన్ ఏం చేస్తుందో అంతా రాశాను. ఇంకేం కావాలి?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: బటన్ల సంగతి ఎవరైనా నొక్కి తెలుసుకుంటారండీ. తెరమీది అంకె దేన్నుంచి కొలిచిందో మాత్రం మీరు చెబితేనే తెలుస్తుంది. ముందు ఎత్తు సంగతి. జీపీఎస్ లెక్కగట్టేది ఎలిప్సాయిడ్ (భూమి ఆకారానికి గణిత నమూనా) మీది ఎత్తు. డ్రాయింగుల్లో ఉండేది సముద్రమట్టం నుంచి ఎత్తు. హైదరాబాద్ దగ్గర ఈ రెంటికీ తేడా 70 మీటర్లకు పైనే! మీ యాప్ చూపేది ఏ ఎత్తో, ఆ తేడాను సరిచేసే జియాయిడ్ సవరణ చేస్తుందో లేదో మొదటి పేజీలోనే ఉండాలి.

తర్వాత యూటీఎం జోన్, అంటే మ్యాపు కొలతల కోసం భూమిని రేఖాంశాలవారీగా విభజించిన పట్టీ. 78 డిగ్రీల రేఖాంశానికి పడమరనున్న మీ అనంతపురం 43లోకి, తూర్పునున్న హైదరాబాద్ 44లోకి వస్తాయి. జోన్ రాయకుండా ఈస్టింగ్, నార్తింగ్ (తూర్పు, ఉత్తర దూరాల అంకెలు) పంపితే అవి ఏ చోటివో ఆఫీసులో తేల్చుకోలేరు (ఆ గొడవ చివరికి సర్వేయర్ నెత్తినే పడుతుంది).

ఫోన్ జీపీఎస్ ఆరుబయట కూడా కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. పూడిపోయిన వాల్వును వెతకడానికి చాలు, పునాది మార్కింగుకు చాలదు. దానికి ఆర్టీకే రిసీవరో టోటల్ స్టేషనో వంటి సర్వే పరికరం కావాలని మొహమాటం లేకుండా రాయండి. ఇక మొబైల్ సిగ్నల్ లేనిచోట డేటా ఎక్కడ నిల్వ అవుతుందో చెప్పడానికి రెండు వాక్యాలు చాలు. స్క్రీన్‌షాట్లు తగ్గించండి, వెర్షన్ మారగానే పాతబడతాయి.