పొగకు కొలమానం

ధాన్యాన్ని కొలవడానికి మానిక ఉంది. భూమిని కొలవడానికి గొలుసు ఉంది. నోటినుండి వెలువడి గాలిలో కలిసిపోయే పొగను దేనితో కొలవాలి? ఇది వినోదానికి వేసిన ప్రశ్న కాదు. శ్రామికుల ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్న.

నంద్యాల ప్రాంతం పొగాకు సేద్యానికి పేరుపొందింది. దానికి దక్షిణంగా ఉన్న ఆళ్లగడ్డ శిల్పకళకు ప్రసిద్ధి. సిలికా ఉన్న రాతిని చెక్కేటప్పుడు లేచే సన్నని ధూళి ఏళ్ళ తరబడి పీల్చినవారి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. అటువంటి పనివాడు బీడీ కూడా కాలుస్తుంటే అతని దగ్గుకు కారణం ధూళియా, పొగయా, రెండునూనా? పొగను సరిగా కొలవకపోతే ధూళి చేసిన హాని బీడీ ఖాతాలో పడుతుంది. అప్పుడు ధూళిని అణచే ఏర్పాట్లను ఎవరూ పట్టించుకోరు. బీడీ చేసిన హాని వృత్తి ఖాతాలో పడితే బీడీ నిర్దోషిగా మిగిలిపోతుంది.

అన్నిటికన్నా చౌకైన సాధనం ప్రశ్నావళి. స్వీడన్ పరిశోధకుడు ఫాగర్‌స్ట్రామ్ 1978లో రూపొందించిన ప్రశ్నావళిని 1991లో ఆరు ప్రశ్నలకు కుదించారు. నిద్రలేచిన ఎన్ని నిమిషాలకు మొదటి సిగరెట్టు వెలిగిస్తారన్నది వాటిలో ముఖ్యమైనది. అయితే పెద్దల ఎదుట సంఖ్యను తగ్గించి చెప్పేవారుంటారు. లెక్క మరచినవారూ ఉంటారు. అందువల్ల కాల్చగా మిగిలిన పీకలను ఒక డబ్బాలో వేయించి, లెక్కించి, స్కేలుతో కొలిచే పద్ధతి కూడా ఉపకరిస్తుంది.

మూడవది శ్వాస పరీక్ష. చేతిలో ఇమిడే పరికరంలోనికి, కొన్ని సెకన్లు ఊపిరి బిగబట్టిన తరువాత, నెమ్మదిగా ఊదాలి. నిశ్వాసంలోని ప్రతి పది లక్షల భాగాలలో కార్బన్ మోనాక్సైడ్ ఎన్ని భాగాలున్నదో అది తెలుపుతుంది. ఈ వాయువు కొద్ది గంటలలోనే శరీరంలో సగానికి తగ్గుతుంది గనుక ఈ పరీక్ష నిన్నటి పొగను అంతగా పట్టలేదు. పైగా కట్టెలపొయ్యి పొగ పీల్చిన గృహిణి శ్వాసలోనూ ఇది కనిపించవచ్చు. కాబట్టి అంకెను చూచి వెంటనే నిందించరాదు.

ఎన్ని కాల్చారన్నదే కాదు, ఎలా కాల్చారన్నదీ ముఖ్యమే. ఉత్తరాంధ్రలో చుట్ట మండే కొనను నోటిలో ఉంచుకొని త్రాగే అడ్డపొగ అలవాటు ఇందుకు నిదర్శనం. పిండ్‌బోర్గ్ బృందం శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణులను పరిశీలించి, ఈ అలవాటుకూ అంగిలిపై కలిగే మార్పులకూ గల సంబంధాన్ని 1971లో ప్రకటించింది. చుట్టల సంఖ్యను మాత్రమే అడిగి ఉంటే ఆ ప్రమాదం వెల్లడయ్యేది కాదు.

సిగరెట్లను పరీక్షించే యంత్రం, ఒక అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, నిమిషానికొకసారి రెండు సెకన్లపాటు 35 మిల్లీలీటర్ల దమ్ము లాగుతుంది. మనిషి ఆ నియమానికి కట్టుబడడు. ఒకడు పైపైన పీలుస్తాడు. మరొకడు గుండెల నిండా లాగుతాడు. ఈ భేదాన్ని కొలిచే పరికరంలో ఒక సన్నని రంధ్రం ఉంటుంది. దమ్ము లాగినప్పుడు దానికి ఇరువైపులా గాలి పీడనంలో తేడా ఏర్పడుతుంది. ఆ తేడానుండి దమ్ముల సంఖ్యను, వ్యవధిని, పరిమాణాన్ని గణిస్తారు. ప్రయోగశాలల కొరకు చేసినవి ఖరీదైనవి. నేడు చౌకగా లభించే పీడన సెన్సర్, చిన్న బ్యాటరీ, మెమరీ కార్డులతో జేబులో పట్టే సాధనాన్ని కూర్చవచ్చు. పరిమాణం తెలిసిన సిరంజితో గాలిని లాగి దాని లెక్కను ముందుగా సరిచూడాలి. సిగరెట్టుకు అమరిన గొట్టం సన్నని బీడీకి సరిపోకపోవచ్చు. పరికరం నోటి వద్ద ఉన్నదన్న స్పృహతో మనిషి తన తీరునూ మార్చుకోవచ్చు.

ఏ ఒక్క సాధనమూ పూర్తి సత్యాన్ని చెప్పదు. ఒకదాని లోపాన్ని మరొకటి పూరిస్తుంది. చౌకైన సాధనం ఉంటే పరిశోధకుడే శ్రామికుని వాకిటికి వెళ్ళగలడు. ఆ శ్రామికుని అనుమతి పొందడం, వివరాలను గోప్యంగా ఉంచడం అతని ధర్మం. కొలత దోషిని పట్టడానికి కాదు, రోగానికి సరియైన కారణాన్ని తెలుసుకోవడానికి.

అర్థాలు
నిశ్వాసం : వెలుపలికి విడిచే ఊపిరి
అంగిలి : నోటి పైభాగం
గోప్యం : రహస్యం

ప్రశ్నలు
1. పొగను సరిగా కొలవకపోతే శ్రామికునికి కలిగే నష్టమేమి?
2. శ్వాస పరీక్షకు గల పరిమితులను వివరించండి.
3. "ఎన్ని అన్నదే కాదు, ఎలా అన్నదీ ముఖ్యమే" - పాఠం ఆధారంగా సమర్థించండి.